పిన్ పడ్డ పావు కాపలా కాయగలదా?

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు పిల్లల్ని చెస్ కోచింగ్‌కి పంపే తల్లిదండ్రుల ఫోన్లలో పొద్దున్నే ఒక బోర్డు బొమ్మ వచ్చి పడుతుంది. కింద ఒకటే వాక్యం ఉంటుంది: ‘తెల్ల ఎత్తు, మూడు ఎత్తుల్లో మేట్.’ పిల్లాడు బూట్లు తొడుక్కుంటూనే జవాబు చెప్పేస్తాడు. నాన్నకు మాత్రం జవాబు చూశాక కూడా అనుమానం తీరదు. ‘అదేందిరా, అక్కడ బంటు ఉంది కదా, ఆ ఒంటెను కొట్టెయ్యదా?’ అంటాడు. ‘కొట్టలేదు డాడీ, అది పిన్‌లో ఉంది’ అంటాడు పిల్లాడు. అక్కడికి మాట ఆగిపోతుంది, అనుమానం అలాగే ఉండిపోతుంది.

ఈ ప్రాంతంలో చెస్ గురించి ఇంతమంది మాట్లాడుకోవడానికి కారణం ఎవరో వేరే చెప్పక్కర్లేదు. వరంగల్‌లో పుట్టిన అర్జున్ ఇరిగేశి 2018లో, పద్నాలుగేళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024 సెప్టెంబర్‌లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో భారత జట్టు స్వర్ణం గెలిచినప్పుడు మూడో బోర్డు మీద 11 ఆటల్లో 10 పాయింట్లు తెచ్చి వ్యక్తిగత స్వర్ణం కూడా పట్టాడు. ఆ ఏడాది డిసెంబర్ ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) జాబితాలో అతని రేటింగ్ 2801. విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు అతనే. దాంతో చదరంగం బోర్డు ఇంట్లో లేనివాళ్లు కూడా ఇప్పుడు ‘పిన్’, ‘ఫోర్క్’ అనే మాటలు వింటున్నారు.

పజిళ్లలో ఎక్కువగా కనిపించేవాటిలో పిన్ ఒకటి. చూడ్డానికి తేలిక. కానీ పిన్ కనిపించడం వేరు, దాన్ని వాడుకోవడం వేరు. చాలామంది పిన్ కనిపించగానే ఆ ఇరుక్కుపోయిన పావును ఎలా కొట్టాలా అని చూస్తారు. పజిల్ జవాబు తరచూ ఇంకో చోట ఉంటుంది: ఆ పావు ఇప్పుడు చేయలేని పని ఏంటి అన్న ప్రశ్నలో.

ముందుగా పేర్లు. పావుల్ని మన ఇళ్లలో పిలిచినట్టే రాజు, మంత్రి, ఏనుగు, ఒంటె, గుర్రం, బంటు అంటాను. ఒంటె అంటే ఏటవాలుగా నడిచే బిషప్. నిలువు గీతలకు తెల్లవారి ఎడమ చేతి నుంచి ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అని పేర్లు; అడ్డ వరుసలకు తెల్లవారి వైపు నుంచి 1 నుంచి 8 దాకా అంకెలు. బోర్డు పక్కన పెట్టుకుని చదివితే సుఖం.

పిన్‌కు కావాల్సింది మూడు పావులు, ఒక గీత

మూడు పావులు ఒకే గీత మీద ఉండాలి. ఒక చివర కొట్టే పావు. మధ్యలో అవతలివాళ్ల పావు ఒకటి. దాని వెనక, అదే గీత మీద, అవతలివాళ్లదే ఇంకా విలువైన పావు. మధ్యది పక్కకి జరిగితే వెనకదానికి దెబ్బ తగులుతుంది. కాబట్టి మధ్యది కదలలేదు, లేదా కదిలితే నష్టం. పిన్ అంటే ఇంతే.

గీత వెంట దూరం నుంచి కొట్టగలిగినవే పిన్ వేయగలవు. అంటే ఏనుగు, ఒంటె, మంత్రి. గుర్రం, బంటు, రాజు వేయలేవు. వరుస తారుమారై విలువైనది ముందు, తక్కువది వెనక ఉంటే దాన్ని స్క్యూవర్ అంటారు. దాని సంగతి ఇక్కడ వద్దు.

వెనక రాజుంటే ఒక లెక్క, మంత్రి ఉంటే ఇంకో లెక్క

వెనకున్నది రాజైతే అది పూర్తి పిన్. మన రాజును చెక్‌లోకి నెట్టే ఎత్తు వేయడం నిబంధనల ప్రకారమే కుదరదు. ఇష్టం ఉన్నా లేకపోయినా ఆ పావు గీత దాటదు. వెనకున్నది మంత్రో ఏనుగో అయితే అది సగం పిన్. కదలొచ్చు, చట్టం అడ్డురాదు. పోయేది మంత్రి, అంతే. ఈ ‘అంతే’ దగ్గరే పెద్ద పెద్ద మోసాలు జరుగుతాయి, వాటి దగ్గరికి తర్వాత వద్దాం.

పూర్తి పిన్ పడ్డ పావు అసలు కదలదు అనుకోవడం కూడా సరికాదు. గుంజకు కట్టేసిన ఎద్దు తాడు పొడవు మేరకు మేసినట్టు, అది గీత వెంట కదలొచ్చు. నిలువు గీత మీద పిన్ పడ్డ ఏనుగు ఆ గీత మీదే పైకీ కిందికీ పోవచ్చు; అవకాశం ఉంటే పిన్ వేసిన పావునే కొట్టొచ్చు. నిలువు గీత మీద పిన్ పడ్డ బంటు ముందు గడి ఖాళీగా ఉంటే ముందుకు నడవొచ్చు, ఏటవాలుగా కొట్టడానికి మాత్రం వీల్లేదు. గుర్రానికి ఆ అదృష్టం లేదు. అది ఎటు దూకినా గీత దాటిపోతుంది కాబట్టి రాజు ముందు పిన్ పడ్డ గుర్రానికి ఒక్క ఎత్తు కూడా ఉండదు.

టోర్నమెంట్లలో ఈ తేడా గడియారం మీద కనిపిస్తుంది. పూర్తి పిన్‌లో ఉన్న పావును పక్కకి జరిపి గడియారం నొక్కితే అది చెల్లని ఎత్తు. ఫిడే నిబంధనల ప్రకారం మామూలు ఆటలో మొదటిసారి ఎదుటివారికి రెండు నిమిషాలు అదనంగా ఇస్తారు. అదే ఆటగాడు రెండోసారి చెల్లని ఎత్తు వేస్తే మామూలుగా ఆట పోయినట్టే. ముట్టుకున్న పావును ఆడాల్సిందే అన్న నియమం కూడా ఇక్కడ తిరకాసు పెడుతుంది. పిన్ పడ్డ గుర్రాన్ని ముట్టుకుంటే దానికి చెల్లే ఎత్తే లేదు కాబట్టి వేరే ఏదైనా ఆడుకోవచ్చు. పిన్ పడ్డ ఏనుగును ముట్టుకుంటే, గీత వెంట ఒక్క గడి ఖాళీగా ఉన్నా, అక్కడికి కదపాల్సిందే. జిల్లా స్థాయి పోటీల్లో పిల్లలు ఆర్బిటర్‌ను (ఆట నిర్ణేతను) పిలిచే గొడవలు ఇలాంటివే.

మొదటి వాడకం: పారిపోలేని పావు మీద ఇంకో దెబ్బ

తేలికదానితో మొదలుపెడదాం. తెల్ల రాజు జి1లో, ఏనుగు ఇ1లో, బంటు ఎఫ్2లో. నల్ల రాజు ఇ8లో, గుర్రం ఇ5లో, ఆ గుర్రానికి కాపలాగా డి6లో బంటు. ఎత్తు తెల్లది.

ఏనుగు, గుర్రం, రాజు మూడూ ఇ గీత మీదే. గుర్రం పిన్‌లో ఉంది. ఆత్రపడి ఏనుగుతో గుర్రాన్ని కొడితే డి6 బంటు ఏనుగును కొడుతుంది. ఏనుగు విలువ 5, గుర్రం విలువ 3 అని లెక్కేస్తే రెండు పాయింట్ల నష్టం. తొందరపడకుండా ఎఫ్2 బంటును రెండు గడులు ముందుకు, ఎఫ్4కి తోస్తే చాలు. గుర్రం మీద బంటు కన్నేసింది, గుర్రం పారిపోలేదు. పిన్ లేకపోతే అదే గుర్రం ఎఫ్3కి దూకి రాజుకు చెక్ ఇచ్చి ఏనుగును కూడా పట్టేసేది. ఇప్పుడు ఆ ఎత్తు చెల్లదు.

నల్లవారికి దారి లేదా? ఉంది. రాజును ఇ గీత మీద నుంచి తప్పించవచ్చు. పిన్ పోతుంది. కానీ తప్పించడానికే వాళ్ల ఎత్తు ఖర్చైపోయింది. ఇప్పుడు మన వంతు, బంటు గుర్రాన్ని కొట్టేస్తుంది. పిన్‌ను విడిపించుకోవడానికి ఒక ఎత్తు, గుర్రాన్ని కాపాడుకోవడానికి ఇంకో ఎత్తు కావాలి. నల్లవారి చేతిలో ఉన్నది ఒక్కటే.

ఇదే పద్ధతి పెద్ద స్థాయిలో చూడాలంటే 1858లో పారిస్ ఒపెరా హౌస్‌లో జరిగిన ఆట ఉంది. తెల్ల పావులతో ఇరవయ్యొక్కేళ్ల అమెరికా కుర్రాడు పాల్ మార్ఫీ. నల్లవైపు బ్రున్స్‌విక్ డ్యూక్, కౌంట్ ఇసువార్ ఇద్దరూ కలిసి. మార్ఫీ ఒంటె బి5 నుంచి డి7లోని గుర్రాన్ని రాజు ముందు పిన్ చేసింది. జి5లోని రెండో ఒంటె ఎఫ్6 గుర్రాన్ని మంత్రి ముందు పిన్ చేసింది. నల్లవారు డి7కు సాయంగా ఏనుగును డి8కి తెచ్చారు. మార్ఫీ తన ఏనుగుతో డి7 గుర్రాన్ని కొట్టాడు. నల్ల ఏనుగు తిరిగి కొట్టి, అదే డి7లో, అదే పిన్‌లో వచ్చి కూర్చుంది. గుర్రం పోయి ఏనుగు ఇరుక్కుందన్నమాట. మార్ఫీ రెండో ఏనుగును డి1కి తెచ్చి మళ్లీ అదే గడి మీద గురిపెట్టాడు. పదిహేడో ఎత్తుకు మేట్. మధ్యలో మంత్రిని బి8లో బలి ఇవ్వడం గురించే అందరూ చెబుతారు గానీ, ఆ బలికి చోటు దొరికింది డి7 మీద వరసగా పడ్డ దెబ్బల వల్లే.

రెండో వాడకం: ఉత్తుత్తి కాపలా

ఇప్పుడు నాన్నకు అర్థంకాని పజిల్‌ లాంటిది. నెమ్మదిగా పేర్చుకోండి.

తెల్లవారు: రాజు జి1, మంత్రి జి3, ఒంటెలు బి3లో ఒకటి, డి2లో ఒకటి, బంట్లు ఎఫ్2, జి2, హెచ్2.

నల్లవారు: రాజు జి8, మంత్రి సి8, ఏనుగు ఎఫ్8, బంట్లు సి6, ఎఫ్7, జి7, హెచ్6.

ఎత్తు తెల్లది.

మొదట నల్ల రాజు చుట్టూ ఉన్న గీతలు చూడాలి. జి గీత మీద తెల్ల మంత్రి, జి7 బంటు, జి8 రాజు ఉన్నాయి. కాబట్టి జి7 బంటు పిన్‌లో ఉంది. బి3 నుంచి ఏటవాలుగా సి4, డి5, ఇ6 ఖాళీ. తర్వాత ఎఫ్7 బంటు, దాని వెనక మళ్లీ అదే రాజు. ఎఫ్7 బంటు కూడా పిన్‌లోనే ఉంది. రాజుకు గోడల్లా నిలబడ్డ మూడు బంట్లలో రెండింటికి చేతులు కట్టేసి ఉన్నాయి.

ఇప్పుడు ఆ రెండు బంట్లు ఏయే గడుల్ని కాస్తున్నట్టు కనిపిస్తున్నాయో చూడాలి. జి7 బంటు ఎఫ్6నూ హెచ్6నూ కాస్తున్నట్టుంది. ఎఫ్7 బంటు ఇ6నూ జి6నూ. నిజానికి హెచ్6 మీద జి7 కాపలా అబద్ధం, జి6 మీద ఎఫ్7 కాపలా అబద్ధం. తెల్లవారి దాడికి కావాల్సినవి సరిగ్గా ఈ రెండు గడులే.

మొదటి ఎత్తు: డి2లోని ఒంటె హెచ్6 బంటును కొడుతుంది. చూసేవాళ్లకు అది ఒంటెను ఊరికే పారేసినట్టే ఉంటుంది, ఎందుకంటే జి7 బంటు పక్కనే ఉంది. కానీ అది హెచ్6లోకి దూకితే జి గీత తెరుచుకుని రాజు మంత్రికి దొరుకుతాడు. చెల్లదు. ఇక మంత్రి జి7ను కొట్టి, వెనక ఒంటె దన్నుతో మేట్ చేస్తుందన్న బెదిరింపు నిలబడింది.

నల్లవారు ఏం చేయగలరు? రాజు హెచ్8కో హెచ్7కో తప్పుకుంటే పిన్ పోతుంది, కానీ మంత్రి జి7లో కూర్చుంటే రెండు చోట్లా మేటే. హెచ్6లో ఒంటె ఉన్నంతవరకు రాజు ఆ మంత్రిని కొట్టలేడు. ఏనుగును జరిపి ఎఫ్8 ఖాళీ చేసినా జి7 నుంచి మంత్రి ఎఫ్8నూ చూస్తుంది. ఎఫ్7 బంటును తోసి ఏదో ఒక దారి తెరుద్దామంటే అది రెండో పిన్‌లో ఇరుక్కుని ఉంది, అసలు కదలదు. నల్ల మంత్రి జి4కి వచ్చి అడ్డుపడొచ్చు, తెల్ల మంత్రి దాన్ని కొట్టేస్తుంది, బెదిరింపు అలాగే ఉంటుంది.

చివరకు మిగిలేది జి7 బంటును జి6కి తోయడం. ఇది చెల్లుతుంది, ఎందుకంటే బంటు జి గీత దాటలేదు, రాజుకు అడ్డంగానే ఉంది. పజిల్ ఇక్కడ ముగిసిందనుకునే పిల్లలు ఈ ఎత్తు చూసి తడబడతారు. కొందరు ఇక్కడ ఒంటెతో ఎఫ్8 ఏనుగును కొట్టి సంతోషపడతారు. అది తప్పు కాదు, లాభమే. కానీ మేట్ ఎదురుగా ఉంది.

రెండో ఎత్తు: మంత్రి జి6 బంటును కొట్టి చెక్. ఎఫ్7 బంటు మంత్రిని కొట్టాలి కదా? కొడితే బి3 ఒంటె గీత తెరుచుకుంటుంది. చెల్లదు. రాజు హెచ్8కి పోవాల్సిందే, వేరే గడి లేదు. మూడో ఎత్తు: మంత్రి జి7కి. మేట్. మూడు ఎత్తుల్లో రెండుసార్లు తెల్ల పావు బంటు నోటి దగ్గరికి వెళ్లి కూర్చుంది, రెండుసార్లూ ఆ బంటు నోరు తెరవలేకపోయింది.

ఇందులో ఎత్తుల వరస కూడా ముఖ్యం. ఎఫ్7 పిన్ ముందు కనిపించినవాళ్లు మంత్రిని నేరుగా జి6లో పెడతారు. ఆలోచన సరైనదే, సమయం కాదు. అది చెక్ కాదు కాబట్టి నల్ల రాజు నిదానంగా హెచ్8కి జరుగుతాడు. అంతటితో బి3 నుంచి వచ్చే గీత మీద రాజు లేడు, ఎఫ్7 బంటుకు విడుదల దొరికింది, మంత్రి దాని నోటికి చిక్కింది. మంత్రి వెనక్కి పరుగెత్తాల్సిందే. పూర్తి పిన్ ఎంత బలమైనదైనా రాజు ఒక్క గడి జరిగితే మాయమవుతుంది. అందుకే చెక్ ఇస్తూ వాడుకునే పిన్‌కు, చెక్ లేకుండా వాడుకునే పిన్‌కు అంత తేడా.

కొట్టలేని పావు చెక్ ఎలా ఇస్తుంది?

పిన్ పడ్డ పావు కాపలా కాయదు అని అర్థమైన పిల్లలు వెంటనే ఇంకో తప్పులో పడతారు. ‘అది పిన్‌లో ఉంది కదా, నా రాజును ఆ గడిలో పెట్టేస్తా’ అంటారు. కుదరదు. ఫిడే నిబంధన సూటిగా చెబుతుంది: ఎదుటి పావు తన రాజును కాపాడుకోవడం కోసం కదలలేని స్థితిలో ఉన్నా సరే, అది చూస్తున్న గడిలో మన రాజు ఉంటే చెక్‌లో ఉన్నట్టే.

ఒక ఉదాహరణ. నల్ల రాజు ఇ8, ఒంటె ఇ7, బంటు బి4. తెల్ల రాజు ఎ4, ఏనుగు ఇ1, గుర్రం డి3. ఇ గీత మీద నల్ల ఒంటె పూర్తి పిన్‌లో ఉంది. అది ఏటవాలుగా డి6, సి5 మీదుగా బి4 బంటును కాస్తోంది. తెల్ల గుర్రం బి4 బంటును నిశ్చింతగా కొట్టొచ్చు. ఒంటె తిరిగి కొట్టడం చెల్లదు. కానీ పక్కనే ఉన్న తెల్ల రాజు అదే బంటును కొట్టకూడదు, ఒంటె దాన్ని చూస్తోంది. ఒకే ఒంటె, ఒకే బంటు. గుర్రం విషయంలో కాపలా లేదు, రాజు విషయంలో ఉంది.

ఇది అన్యాయంగా అనిపిస్తుంది, ముఖ్యంగా పెద్దయ్యాక ఆట నేర్చుకున్నవాళ్లకు. దీని వెనక లెక్క ఇది: ఆట ముగిసేది రాజు పట్టుబడినప్పుడు. తెల్ల రాజు ఒంటె దారిలోకి వెళ్తే, తర్వాతి ఎత్తులో ఒంటె ఆ రాజును కొట్టేస్తే ఆట అక్కడే అయిపోయేది. వెనక తన రాజు బయటపడినా తెల్లవారికి కొట్టే వంతు రాదు. ఎవరి రాజు ముందు పోతాడు అన్నదే ప్రశ్న. అందుకని మేట్ పజిళ్లలో చివరి గడి సరిచూసుకునేటప్పుడు ఎవరు కొడుతున్నారో చూడాలి. రాజు కొట్టబోతున్నాడంటే పిన్ పడ్డ కాపలా కూడా నిజమైన కాపలానే.

మంత్రిని వదిలేసి గెలిచే దారి

సగం పిన్ దగ్గరికి వద్దాం. ఇక్కడ నమ్మకం ఎక్కువైతే దెబ్బ తగిలేది పిన్ వేసినవాళ్లకే. 18వ శతాబ్దపు ఫ్రెంచి ఆటగాడు లెగాల్ పేరు మీద ఉన్న మేట్ దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. ఇద్దరి రాజుల ముందున్న బంట్లూ ఇ4, ఇ5 గడుల్లో. తెల్లవారు గుర్రాన్ని ఎఫ్3కి తెస్తే నల్లవారు బంటును డి6లో పెడతారు. తెల్ల ఒంటె సి4కి. నల్ల ఒంటె జి4కి వచ్చి ఎఫ్3 గుర్రాన్ని డి1 మంత్రి ముందు పిన్ చేస్తుంది. తెల్లవారు రెండో గుర్రాన్ని సి3కి తెస్తారు, నల్లవారు ఏమరుపాటుగా బంటును జి6కి తోస్తారు.

ఇప్పుడు పిన్ పడ్డ గుర్రం లేచి ఇ5 బంటును కొట్టేస్తుంది. నల్ల ఒంటె మురిసిపోయి డి1 మంత్రిని కొడుతుంది. సి4 ఒంటె ఎఫ్7 బంటును కొట్టి చెక్, రాజు ఇ7కి, రెండో గుర్రం డి5కి వచ్చి మేట్. నల్లవారు మంత్రిని కొట్టకుండా డి6 బంటుతో గుర్రాన్ని కొడితే తెల్ల మంత్రి జి4 ఒంటెను తీసుకుంటుంది, ఒక బంటు మిగులు.

ఇది ఎప్పుడూ పనిచేసే మంత్రం కాదు. జి6 బదులు నల్లవారు గుర్రాన్ని సి6లో పెట్టి ఉంటే కథ తిరగబడుతుంది. ఇ5 బంటును కొట్టిన గుర్రాన్ని సి6 గుర్రం కొడుతుంది, అక్కడి నుంచి జి4 ఒంటెను కూడా కాస్తుంది. తెల్లవారికి ఒక గుర్రం నష్టం. ఆన్‌లైన్‌లో లెగాల్ మేట్ వీడియో చూసొచ్చిన పిల్లలు ఈ ఒక్క గుర్రాన్ని చూసుకోక మునిగిపోతుంటారు.

మంత్రి ముందున్న బంటును తోసి మొదలుపెట్టే ఆటల్లో ఇలాంటిదే ‘ఎలిఫెంట్ ట్రాప్’ ఉంది. తెల్ల ఒంటె జి5 నుంచి ఎఫ్6 గుర్రాన్ని డి8 మంత్రి ముందు పిన్ చేసింది కదా అని తెల్లవారు డి5 బంటును గుర్రంతో కొడతారు. ఎఫ్6 గుర్రం లేచి ఆ గుర్రాన్ని కొడుతుంది. తెల్ల ఒంటె మంత్రిని తీసుకోగానే నల్ల ఒంటె బి4 నుంచి చెక్. తెల్లవారికి తమ మంత్రిని డి2లో అడ్డం పెట్టడం తప్ప దారి లేదు. లెక్క తేలేసరికి తెల్లవారు ఒక బంటుకు బదులు గుర్రం పోగొట్టుకుని ఉంటారు. సగం పిన్ పడ్డ పావు చెక్ ఇస్తూనో, చెక్‌కు దారి తెరుస్తూనో కదిలితే వెనకున్న మంత్రి విలువ ఆ క్షణానికి లెక్కలోకే రాదు.

మొదటి పది ఎత్తుల్లోనే గుర్రాన్ని పిన్ చేయాలా?

కోచింగ్ సెంటర్లలో దీని మీద రెండు మాటలు వినిపిస్తాయి. ఒంటె జి5కి రావడం మంచి అలవాటు అనేవాళ్ల వాదన ఇదీ: నల్లవారి ఎఫ్6 గుర్రం ఇ4, డి5 గడుల మీద పట్టు ఉంచుతుంది, దాన్ని కట్టేస్తే నడిబోర్డు మనదవుతుంది. పైగా అవతలివాళ్లు ప్రతి ఎత్తుకూ మంత్రి సంగతి చూసుకుంటూ టెన్షన్ పడాలి. వద్దనేవాళ్లు చెప్పేది వేరు. నల్లవారు బంటును హెచ్6కి తోస్తే చాలు, ఒంటె తేల్చుకోవాలి: వెనక్కి హెచ్4కి పోవాలా, గుర్రాన్ని కొట్టి ఒంటెను వదులుకోవాలా. హెచ్4కి పోతే బంటు జి5కి వచ్చి మళ్లీ తరుముతుంది.

రెండూ నిజమే. తేడా తెచ్చేది నల్ల రాజు ఎక్కడున్నాడన్నది. నల్లవారు అప్పటికే ఆ వైపు కోట కట్టుకుని (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదిలే కాజిలింగ్) ఉంటే, హెచ్6, జి5 అంటూ బంట్లను తోయడం వాళ్ల రాజు ఇంటి పైకప్పు పీకడమే. పిన్‌కు అప్పుడు పదును ఎక్కువ. ఇంకా కోట కట్టకుండా ఉంటే ఆ బంట్లు తోసినా పెద్ద ప్రమాదం లేదు, తరుముడు పడేది ఒంటెకే. నల్ల ఒంటె ఇ7కి వచ్చి మధ్యలో కూర్చుంటే ఆ పిన్‌లో పస ఎలాగూ తగ్గుతుంది. చిన్నపిల్లల ఆటల్లో కనిపించేది ఈ రెండు వాదాలకూ దొరకదు: జి5కి ఒంటె రావడం, హెచ్6 పడగానే ఆలోచించకుండా గుర్రాన్ని కొట్టేయడం. పిన్ వేసిన లాభం వాడుకోకుండానే వదిలేయడం అది.

పజిల్ మీద ‘పిన్’ అని రాసి ఉండాలా?

ఇంకో చర్చ పజిళ్ల తీరు గురించి. ఒకే రకం పజిళ్లు వరసపెట్టి చేయిస్తే ఆకారం కంటికి అలవాటవుతుందని కొందరంటారు. వరసగా పిన్ పజిళ్లు చేసిన పిల్లాడికి రాజుకూ మంత్రికీ మధ్య ఒంటరిగా నిలబడ్డ పావు వెతక్కుండానే కనిపిస్తుంది. ఇంకొందరు, పైన ‘పిన్’ అని రాయడమే సగం జవాబు చెప్పడం అంటారు. ఆటలో ఎవరూ వచ్చి ‘ఇప్పుడు పిన్ ఉంది’ అని చెవిలో చెప్పరు కదా. లిచెస్ లాంటి సైట్లలో రెండు రకాలూ ఉన్నాయి. ఒకే అంశం ఎంచుకుని చేయొచ్చు, లేదా అన్నీ కలిపి ఇచ్చేవి తీసుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు మొదటిదీ, ఆకారాలు అలవాటైనవాళ్లకు రెండోదీ ఎక్కువ పనికొస్తాయని నా అభిప్రాయం. కానీ ఏ రకమైనా ఆకారం చూసి చేయి చాస్తే సరిపోదు.

పైన మేట్ అయిన బొమ్మనే మళ్లీ పేర్చండి. ఒక్క మార్పు చేయండి: నల్ల మంత్రిని సి8 నుంచి తీసి ఎఫ్6లో పెట్టండి. మిగతావన్నీ అక్కడే. జి7 బంటు ఇంకా పిన్‌లోనే ఉంది, ఎఫ్7 బంటు కూడా. పైన ‘పిన్’ అన్న మాట రాసి ఉన్నా అబద్ధం కాదు. ఇప్పుడు ఒంటెతో హెచ్6 బంటును కొడితే జి7 బంటు నిజంగానే ఏమీ చేయలేదు. ఎఫ్6లోని మంత్రి అడ్డ వరుసలో జి6 మీదుగా వచ్చి ఒంటెను తీసుకుపోతుంది, జి7కు బెదిరింపూ ఉండదు, తెల్లవారికి బదులుగా దొరికింది ఒక్క బంటు. ఈ బొమ్మలో తెల్లవారు ముందు అడగాల్సింది ఆ మంత్రిని ఎఫ్6 నుంచి ఎలా కదిలించాలని. డి2 ఒంటెకు సి3 గడి ఖాళీగానే ఉంది, అక్కడి నుంచి అది ఎఫ్6ను చూస్తుంది.